టవర్ లేకున్నా బండి నుంచి బండికి కబురు.. నెల్లూరు హైవే మీద ‘వానెట్’ ఎలా పని చేస్తుందంటే?

నెల్లూరు: రాత్రి రెండు గంటల సమయం. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి మీద కావలి దగ్గర ఓ లారీ టైరు పేలి నడిరోడ్డు మీదే ఆగిపోయిందనుకుందాం. వెనక లైట్లు వెలగడం లేదు. అర కిలోమీటరు వెనక రొయ్యల కంటైనర్ వస్తోంది. దాని వెనక ఓ ప్రైవేటు బస్సు, అందులో నలభై మంది నిద్రలో ఉన్నారు. ముందు ఏం జరిగిందో ఆ ఇద్దరు డ్రైవర్లకీ తెలీదు. తెలిసేసరికి చేతిలో మిగిలేది రెండు మూడు సెకన్లే.

అదే ఆ లారీ తానే "ఇక్కడ ఆగిపోయాను" అని కంటైనర్‌కి చెప్పగలిగితే? కంటైనర్ ఆ కబురును బస్సుకి, బస్సు దాని వెనక కారుకి అందిస్తే? మధ్యలో సెల్‌టవర్ లేదు, సర్వర్ లేదు, సిమ్ కార్డు లేదు. బండ్లే ఒకదానికొకటి తపాలా మోసుకుంటాయి. ఈ ఏర్పాటునే ‘వెహిక్యులర్ అడ్‌హాక్ నెట్‌వర్క్’, పొట్టిగా ‘వానెట్’ అంటారు. వినడానికి తేలిగ్గానే ఉన్నా ఇందులో ఓ పెద్ద చిక్కుంది. కబురు మోసే బండ్లు ఒక్క క్షణం కూడా ఒకచోట ఉండవు. మరి కబురు ఏ దారిన పోవాలి? ఎవరు ఎవరికి అందించాలి? యాభై ఏళ్ల పరిశోధన అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఎందుకింత అవసరం?

2024 ఫిబ్రవరిలో కావలి సమీపంలోని ముసునూరు టోల్‌ప్లాజా దగ్గర అర్ధరాత్రి దాటాక లారీలు, ప్రైవేటు బస్సు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. హైవే మీద ఇలాంటి వరుస ప్రమాదాల్లో మొదటి దెబ్బ కంటే తర్వాతి దెబ్బలే ఎక్కువ ప్రాణాలు తీస్తుంటాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఆ ప్రమాదాల్లో దాదాపు ఐదో వంతు వెనక నుంచి గుద్దినవే.

లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. డ్రైవర్ ప్రమాదాన్ని చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర పడుతుందనుకుంటే అప్పటికే 33 మీటర్లు పోయినట్టే. లోడు లారీ పూర్తిగా ఆగడానికి ఆపై ఇంకో 50 మీటర్లు కావాలి. రోడ్డు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. అంటే తక్కువలో తక్కువ 80 మీటర్ల ముందు ఆ ఆగిన లారీ కనపడాలి. చీకట్లో, ఎదురు బండి లైట్లు కళ్లలో కొడుతుంటే, లైట్లు లేని లారీ అంత దూరం నుంచి కనపడటం కష్టం. కంటికి కనపడనిది రేడియోకి కనపడుతుంది. వానెట్ అసలు ప్రయోజనం ఇదే.

ఫోన్ ఉంది కదా, అది చాలదా?

చాలామందికి వచ్చే అనుమానమే ఇది. ఇప్పటికే బస్సులు, లారీల్లో జీపీఎస్ ట్రాకింగ్ పరికరాలు ఉన్నాయి. అయితే అవి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ఎక్కడో ఉన్న కంట్రోల్ సెంటర్‌కి సమాచారం పంపుతాయే తప్ప, వెనక వస్తున్న బండితో మాట్లాడవు. ఫాస్టాగ్ ఉన్నా అది టోల్‌గేటు రీడర్‌తోనే మాట్లాడుతుంది. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటే ట్రాఫిక్ జామ్ కాసేపటికి ఎర్రగీతగా కనిపిస్తుంది కానీ, ‘నీ ముందు రెండో బండి ఇప్పుడే బ్రేకు కొట్టింది’ అని చెప్పదు.

ఇంకో కారణం కూడా ఉంది. టవర్ అవసరం ఎక్కువగా ఉన్నరోజే టవర్ ఉండకపోవచ్చు. 2021 నవంబరులో పెన్నా పోటెత్తినప్పుడు నెల్లూరు జిల్లా ఈ సంగతి కళ్లారా చూసింది. పడుగుపాడు దగ్గర రైల్వే ట్రాక్ కొట్టుకుపోయింది. నెల్లూరు - కోవూరు మధ్య జాతీయ రహదారి దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. తుఫాన్లు, వరదలు వచ్చినప్పుడు కరెంటు పోతుంది, దాని వెనకే టవర్లు ఒక్కొక్కటిగా మూగబోతాయి. ‘ముందు రోడ్డు తెగింది, వెనక్కి తిరగండి’ అనే కబురు హైవే పొడవునా నిలిచిన వందల లారీలకు అప్పుడు చేరేదెలా?

అడ్‌హాక్ అంటే ఏంటి?

పాత రోజుల్లో అంచెలంచెలుగా తపాలా నడిచేది. ఒక మనిషి కొంత దూరం పరిగెత్తి, అక్కడ కాచుకుని ఉన్న ఇంకో మనిషికి సంచి అందించేవాడు. అడ్‌హాక్ నెట్‌వర్క్ కూడా అంతే. శాశ్వతమైన టవర్లు, తీగలు ఉండవు. ఆ సమయానికి దగ్గర్లో ఉన్న రేడియోలే అంచెలవుతాయి. ఒకరి రేడియో అందనంత దూరానికి కబురు వెళ్లాలంటే మధ్యలో ఉన్నవాళ్లు అందుకుని ముందుకు పంపాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాలో తేల్చడాన్నే ‘రూటింగ్’ అంటారు.

ఈ ఆలోచన వయసు యాభై ఏళ్ల పైమాటే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్ డేటా పంపింది. దాని పేరు అలోహానెట్. తర్వాత అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా ప్యాకెట్ రేడియో మీద పని చేయించింది. 1977 నవంబరు 22న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో రోడ్డు మీద పోతున్న ఓ వ్యాను నుంచి బయల్దేరిన డేటా మూడు వేర్వేరు నెట్‌వర్కులు దాటి గమ్యం చేరింది. ఇంటర్నెట్ చరిత్రలో అది మైలురాయి. అంటే నడుస్తున్న బండి నుంచి డేటా పంపడం ఇంటర్నెట్ పుట్టుకతోనే మొదలైందన్నమాట.

దారి వేసేలోపే దారి మాయం

ఇళ్లలో, ఆఫీసుల్లో కంప్యూటర్లు కదలవు. ఒకసారి దారి తేల్చుకుంటే అది రోజుల తరబడి అలాగే ఉంటుంది. హైవే మీద అలా కుదరదు. ఒక్కో బండి రేడియో 300 మీటర్లు అందుతుందనుకుందాం. ఎదురెదురుగా 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రెండు బండ్లు ఒకదాని పరిధిలోకి ఒకటి వచ్చి, దాటి, బయటికి పోవడానికి పట్టేది 13 సెకన్లే. అదే ఒకే దిక్కున ఒకటి 80, ఇంకొకటి 60 వేగంతో పోతుంటే బంధం దాదాపు 108 సెకన్లు నిలుస్తుంది.

ఇది ఒక్క అంచె సంగతి. ఏడు అంచెల దారి అయితే ఏడింటిలో ఏ ఒక్కటి తెగినా మొత్తం దారి తెగినట్టే. అంచెలు పెరిగేకొద్దీ దారి ఆయుష్షు తగ్గిపోతుంది. మధ్యలో ఎత్తయిన కంటైనర్ అడ్డొచ్చినా ఆ ఇనుప గోడ సిగ్నల్‌ను చాలావరకు మింగేస్తుంది.

మొదటి తరం పద్ధతులు ఇక్కడే దెబ్బతిన్నాయి. 2003లో ప్రమాణంగా వెలువడిన ఏఓడీవీ అనే పద్ధతి సరిగ్గా ఊళ్లో అడ్రసు వాకబు చేసినట్టు ఉంటుంది. కబురు పంపాల్సిన బండి ముందు "ఫలానా బండి ఎక్కడుంది?" అని అందర్నీ అడుగుతుంది. ఆ ప్రశ్న చేతులు మారి గమ్యం చేరాక, జవాబు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. ఆ తర్వాతే అసలు కబురు బయల్దేరుతుంది. డీఎస్ఆర్ అనే ఇంకో పద్ధతి దారిలోని పేర్లన్నీ కబురు మీదే రాసి పంపుతుంది. ఓఎల్ఎస్ఆర్ అయితే అడిగినా అడగకపోయినా అన్ని దారుల పట్టికనూ ఎప్పటికప్పుడు సిద్ధంగా ఉంచుకుంటుంది.

మనుషులు నడిచే వేగానికి ఇవన్నీ బాగానే పని చేస్తాయి. హైవేకి వచ్చేసరికి, దారి వాకబు చేసి జవాబు తిరిగొచ్చేలోపే ఆ దారిలో ఉన్న బండి వెళ్లిపోతుంది. మళ్లీ వాకబు, మళ్లీ తెగడం.. కబురు కంటే వాకబుతోనే గాలి నిండిపోతుంది.

దారి వద్దు.. చోటు చాలు

అసలు మలుపు ఇక్కడే వచ్చింది. కబురుకి దారి ముందే ఎందుకు తేల్చాలి? గమ్యం ఏ చోట ఉందో తెలిస్తే చాలు కదా! ప్రతి బండికీ జీపీఎస్ వల్ల తానెక్కడుందో తెలుసు. పక్క బండ్లు సెకనుకు కొన్నిసార్లు తమ చోటు, వేగం, దిక్కు చెబుతుంటాయి కాబట్టి వాటి సంగతీ తెలుసు. ఇక చేయాల్సిందల్లా ఒక్కటే. తన పరిధిలో ఉన్నవాటిలో గమ్యానికి అందరికంటే దగ్గరగా ఉన్న బండికి కబురు ఇచ్చేయడం. ఆ బండి మళ్లీ అదే పని చేస్తుంది. ఎవరికీ మొత్తం దారి తెలియాల్సిన పని లేదు.

2000లో బ్రాడ్ కార్ప్, హెచ్‌టీ కుంగ్ ప్రతిపాదించిన జీపీఎస్ఆర్ అనే పద్ధతి ఈ దారిలో ముఖ్యమైనది. యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ ఆ తర్వాత ‘జియోనెట్‌వర్కింగ్’ పేరుతో చోటు ఆధారిత పద్ధతినే వాహనాల కోసం ప్రమాణంగా రాసింది.

అయితే ఇందులోనూ ఓ గోతి ఉంది. నెల్లూరు వాసులకు అది పెన్నానే గుర్తు చేస్తుంది. కోవూరు వైపు నుంచి కృష్ణపట్నం పోర్టు దగ్గరున్న లారీకి కబురు పోవాలనుకుందాం. ‘దగ్గర’ అనే లెక్క ప్రకారం కబురు నది ఉత్తరపు గట్టు మీదున్న బండి దాకా వెళ్తుంది. దానికంటే పోర్టుకు దగ్గరగా ఉన్న బండి ఈ ఒడ్డున లేదు. నది వెడల్పు రేడియో అందే దూరం కంటే ఎక్కువైతే అవతలి ఒడ్డు అందదు. కబురు అక్కడే చిక్కుకుపోతుంది. మనిషైతే ఏం చేస్తాడు? ముందు వెనక్కి వెళ్లి బ్రిడ్జి ఎక్కుతాడు. జీపీఎస్ఆర్ కూడా చిక్కుకున్నప్పుడు ఖాళీ చుట్టూ అంచు పట్టుకుని నడిచే ఉపాయం వాడుతుంది. తర్వాత వచ్చిన పద్ధతులు రోడ్డు మ్యాపునే చేతిలోకి తీసుకున్నాయి. గీత గీసినట్టు నేరుగా కాకుండా, బండ్లు నడిచే రోడ్ల వెంట, కూడలి నుంచి కూడలికి కబురు పంపడం మొదలుపెట్టాయి.

అందరూ ఒకేసారి అరిస్తే?

ప్రమాద హెచ్చరిక ఒక్క బండికి ఉద్దేశించింది కాదు. ‘వెనక రెండు కిలోమీటర్ల వరకు, ఇదే దిక్కున వస్తున్న అందరికీ’ అని పంపాలి. విన్న ప్రతి బండీ మళ్లీ అరిస్తే కొద్దిసేపట్లోనే గోల గోల అయిపోతుంది. సంతలో అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడనట్టు, రేడియోలు ఒకదాని మీద ఒకటి పడి అసలు హెచ్చరికే పాడవుతుంది. దీనికి 1999లోనే పరిశోధకులు ‘బ్రాడ్‌కాస్ట్ తుఫాను’ అని పేరు పెట్టారు.

పరిష్కారం మాత్రం చాలా సులువైనది. కబురు విన్న ప్రతి బండీ కాసేపు ఆగుతుంది. పంపిన బండికి ఎంత దూరంలో ఉంటే అంత తక్కువసేపు ఆగుతుంది. 60 మీటర్ల దూరంలో ఉన్న కారు ఇంకా ఆగి ఉండగానే 280 మీటర్ల దూరంలో ఉన్న బస్సు కబురు అందుకుని ముందుకు పంపేస్తుంది. అది వినగానే కారు ‘సరే, పని అయిపోయింది’ అని ఊరుకుంటుంది. ఇలా ఒక్కో అంచెకీ ఒక్కరే మాట్లాడతారు. రెండు కిలోమీటర్లకు 300 మీటర్ల లెక్కన ఏడు అంచెలు చాలు. ఒక్కో అంచెకు సెకనులో పదో వంతు ఆలస్యమైనా మొత్తం సెకను లోపే చివరి బండికి హెచ్చరిక చేరుతుంది.

బండ్లే లేని రాత్రి సంగతి?

తెల్లవారుజామున మూడింటికి హైవే మీద బండికీ బండికీ మధ్య కిలోమీటరు ఖాళీ ఉండొచ్చు. అప్పుడు అంచె తెగిపోతుంది. ఇక్కడ ఇంకో పాత ఉపాయం పనికొస్తుంది. కబురును జేబులో పెట్టుకుని నడవడమే. పక్కన ఎవరూ లేకపోతే బండి కబురును దాచుకుంటుంది. ఎవరైనా కనపడగానే ఇచ్చేస్తుంది. ఎదురు లేన్‌లో వెళ్తున్న బండి ఈ పనికి మరీ బాగా పనికొస్తుంది. ఎందుకంటే అది వెనక వస్తున్న బండ్ల వైపే వెళ్తోంది మరి.

‘దాచు, మోయి, అందించు’ అనే ఈ పద్ధతికి మన పొరుగునే ఓ నిజమైన ఉదాహరణ ఉంది. 2000 దశకం తొలి ఏళ్లలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపుర తాలూకాలో ‘డాక్‌నెట్’ అనే ప్రయోగం జరిగింది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన పరిశోధకులు దీనికి రూపమిచ్చారు. బస్సులో ఓ వైఫై పెట్టె పెట్టారు. ఊరి కియోస్క్ ముందు నుంచి బస్సు వెళ్తుంటే భూమి రికార్డుల దరఖాస్తులు తనంతట తానే తీసుకునేది. తాలూకా కేంద్రం చేరాక అక్కడ దించేది. తిరుగు ప్రయాణంలో జవాబులు మోసుకొచ్చేది. ఊళ్లకు ఇంటర్నెట్ తీగ లేకపోయినా, ఆ బస్సే తీగ అయింది.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి 30 కిలోమీటర్ల దూరానికి కబురు మోయడానికి అరగంట పడుతుంది. ‘పడుగుపాడు దగ్గర రోడ్డు తెగింది’ అన్న కబురు అరగంట ఆలస్యమైనా విలువైనదే. ‘ముందు బండి బ్రేకు కొట్టింది’ అన్న కబురు రెండు సెకన్లు ఆలస్యమైతే పనికిరానిదే. అందుకే ఏ కబురుకు ఏ పద్ధతో ముందే తేల్చుకోవాలి.

- బ్రేకు, ఢీ హెచ్చరికలు: అంచెలు లేకుండా నేరుగా, సెకనుకు పదిసార్ల వరకు.
- ఆగిన బండి, పొగమంచు, రోడ్డు మీద పశువులు: వెనక కొన్ని కిలోమీటర్ల వరకు, దూరంగా ఉన్న బండే ముందు అందించే పద్ధతిలో.
- రోడ్డు తెగడం, వరద, దారి మళ్లింపు: దాచు, మోయి, అందించు పద్ధతిలో.
- ఒకే ఒక్క బండికి పంపాల్సిన కబురు: చోటు, రోడ్డు మ్యాపు ఆధారంగా.

ప్రపంచంలో, మన దగ్గర ఎక్కడిదాకా వచ్చింది?

అమెరికా 1999లోనే 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ తరంగాలను వాహనాల కోసం కేటాయించింది. 2010లో వైఫై కుటుంబానికే చెందిన 802.11పీ ప్రమాణం వచ్చింది. అయితే ఏళ్లు గడిచినా వాడేవాళ్లు పెద్దగా లేకపోవడంతో 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్‌ను మామూలు వైఫైకి మళ్లించి, 30 మాత్రమే వాహనాలకు ఉంచారు. అదీ సెల్యులార్ కుటుంబానికి చెందిన సీ-వీ2ఎక్స్ అనే వేరే పద్ధతికి. యూరప్‌లో ఫోక్స్‌వ్యాగన్ ఎనిమిదో తరం గోల్ఫ్ కారులో వైఫై తరహా రేడియో పెట్టింది. జపాన్‌లో టయోటా 2015 నుంచే 760 మెగాహెర్ట్జ్ మీద నడిచే పద్ధతి వాడుతోంది. ఇన్ని భాషలైతే బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఎలా అన్నదే అక్కడ తెగని పంచాయితీ.

తెలుగు నేల మీద ఈ పనికి కేంద్రం సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్. 2022లో మారుతి సుజుకీ, సుజుకీ మోటార్ కార్పొరేషన్లతో కలిసి వాహనాల మధ్య సంభాషణను ఇక్కడ ప్రదర్శించారు. అంబులెన్స్ వస్తోందని, రాంగ్ రూట్‌లో బండి వస్తోందని, పాదచారి అడ్డొస్తున్నాడని డ్రైవర్‌కి ముందే చెప్పడం ఆ ప్రదర్శనలో భాగం. అదే ఏడాది జూలైలో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించే ‘తిహాన్’ కేంద్రాన్ని అదే ప్రాంగణంలో కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించారు. దీనికి కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ 130 కోట్ల రూపాయలు ఇచ్చింది.

సముద్రంలో ఇదే కథ.. కాస్త తేడాగా

నెల్లూరు తీరంలో రోడ్డు బండ్ల కంటే ముందే ఈ చిక్కు ఎదుర్కొన్నది మత్స్యకారులు. జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం వైపు నుంచి వేటకు వెళ్లే బోట్లు ఒడ్డుకు పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్ సిగ్నల్ మీద ఆశ వదులుకోవాల్సిందే. 2017 చివర్లో ఓఖీ తుఫాను కేరళ, తమిళనాడు తీరాల్లో వందల మందిని పొట్టన పెట్టుకుంది. అప్పటికే లోతు సముద్రంలో ఉన్నవాళ్లకు హెచ్చరిక చేరలేదు.

ఆ తర్వాత 2019 అక్టోబరులో ‘జెమిని’ అనే పరికరం వచ్చింది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ పంపే తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం గగన్ ఉపగ్రహాల ద్వారా బోటుకు చేరతాయి. అయితే అది వినడానికే, తిరిగి చెప్పడానికి కాదు. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం ఆ లోటు తీర్చేది. ఇస్రో తయారు చేసిన ట్రాన్స్‌పాండర్లను తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని లక్ష బోట్లకు అమర్చడం దీని లక్ష్యం. వీటితో బోటు నుంచి కూడా ఒడ్డుకు కబురు పంపొచ్చు.

కేరళలో అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు ‘ఓషన్‌నెట్’ పేరుతో ఇంకో దారి పట్టారు. ఒడ్డున ఎత్తయిన టవర్ మీద దూరం అందే వైఫై పెట్టి, మొదటి వరస బోట్లకు సిగ్నల్ ఇచ్చి, ఆ బోట్ల మీదుగా ఇంకా లోపలి బోట్లకు అందిస్తారు. ఇది అచ్చంగా అడ్‌హాక్ నెట్‌వర్కే.

నీటి మీద లెక్కలు వేరు. బోటు వేగం గంటకు 15 కిలోమీటర్ల లోపే కాబట్టి ఒకసారి కలిసిన బంధం చాలాసేపు నిలుస్తుంది. అడ్డుగా కంటైనర్లు, భవనాలు ఉండవు. బోట్లు మాత్రం పలచగా చెదిరి ఉంటాయి. పైగా భూమి వంపు వల్ల రేడియో చూపు ఆగిపోతుంది. అయిదు మీటర్ల ఎత్తు యాంటెనా నుంచి రేడియో దిగంతం తొమ్మిది కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. కృష్ణపట్నం వచ్చే పెద్ద ఓడల్లో ఉండే ఏఐఎస్ రేడియో కూడా ఇలా నేరుగా మాట్లాడుకునేదే. ఒక్కో చానెల్‌లో నిమిషాన్ని 2,250 ముక్కలు చేసి, పై అధికారి ఎవరూ లేకుండానే ఏ ఓడ ఎప్పుడు మాట్లాడాలో ఓడలే సర్దుకుంటాయి. కాకపోతే ఒక ఓడ విన్నదాన్ని ఇంకో ఓడకు అందించే ఏర్పాటు అందులో లేదు.

అడ్డంకి టెక్నాలజీ కాదు.. లెక్క

ఇన్ని ఉపాయాలున్నా హైవే మీద ఇవి ఎందుకు కనిపించడం లేదు? అసలు చిక్కు సంఖ్యలో ఉంది. వంద బండ్లలో పది బండ్లకే ఈ రేడియో ఉందనుకుందాం. ముందు బండికీ, వెనక బండికీ రెండింటికీ ఉండే అవకాశం వందలో ఒకటే. సగం బండ్లకు ఉన్నా అది నాలుగింట ఒక వంతే.

అంచెల సంగతి చూద్దాం. కిలోమీటరుకు 20 బండ్లు ఉన్న రోడ్డు మీద పదో వంతుకే రేడియో ఉంటే, రేడియో బండ్ల మధ్య దూరం సగటున 500 మీటర్లు. 300 మీటర్ల పరిధితో ఆ అంచె తెగిపోతుంది. సగం బండ్లకు ఉంటే దూరం సగటున 100 మీటర్లు. అప్పుడు అంచె చాలావరకు నిలుస్తుంది. అంటే ముందుగా కొన్నవాడికి లాభం కనపడదు, అందరూ కొంటేనే అందరికీ లాభం. ఇలాంటి వస్తువు బజారు తనంతట తాను తెచ్చిపెట్టదు. సీటు బెల్టు లాగా, ఫాస్టాగ్ లాగా నిబంధన ఉంటే తప్ప కదలదు. అమెరికాలో 20 ఏళ్లలో జరగనిది ఇందుకే.

ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది నమ్మకం. ఎవడో ఆకతాయి ‘ముందు ప్రమాదం’ అని అబద్ధపు కబురు పంపినా, ఒక్క బండే వంద బండ్లుగా నటించి జామ్ ఉందని నమ్మించినా వెనక బండ్లు హఠాత్తుగా బ్రేకు కొడతాయి. అందుకే ప్రతి కబురు మీదా తిరుగులేని డిజిటల్ సంతకం ఉండాలి. రెండోది గోప్యత. సెకనుకు పదిసార్లు తన చోటు చెప్పే బండిని ఎవరైనా ఇట్టే వెంబడించొచ్చు. దీనికోసం కొద్ది నిమిషాలకోసారి మారే మారుపేర్లు వాడతారు.

మన రోడ్లకు ప్రత్యేకమైన మాట ఒకటుంది. నెల్లూరు హైవే మీద కార్లు, లారీలే కాదు, రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్లు, ఆటోలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, గేదెల మందలు కూడా ఉంటాయి. వాటికి రేడియో ఉండదు. పైగా జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి సర్వీసు రోడ్డులో ఆగిన బండి హైవే మీద ఆగినట్టు కనపడే ప్రమాదమూ ఉంది. అందుకే ఇక్కడి రోడ్ల మీద పరీక్షించకుండా వేరే దేశం పద్ధతిని తెచ్చి పెట్టేస్తే సరిపోదు.

అప్పటిదాకా..

ఆ రేడియోలు అన్ని బండ్లకూ వచ్చేదాకా వెనక బండికి కబురు చెప్పే పని మనుషులదే. బండి ఆగిపోతే వీలైనంత వరకు రోడ్డు పక్కకు తీయాలి. నాలుగు ఇండికేటర్లూ వేయాలి. ఎర్ర త్రికోణాన్ని బండి పక్కనే కాకుండా చాలా వెనక పెట్టాలి. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లోడు లారీ ఆగడానికి 80 మీటర్లు కావాలన్న లెక్క ఇక్కడా వర్తిస్తుంది. లారీ వెనక మెరిసే టేపు అతికించుకోవడానికి అయ్యే ఖర్చు ఏ రేడియోతో పోల్చినా చాలా తక్కువ. జాతీయ రహదారుల మీద సాయం కోసం 1033 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు.

హైవే మీద డ్రైవర్లు ఇప్పటికీ ఎదురొచ్చే బండికి లైట్లు కొట్టి ‘ముందు ఏదో ఉంది, జాగ్రత్త’ అని సైగ చేస్తారు. అందుకున్నవాడు వేగం తగ్గించి, తన వెనకవాడికి ఇండికేటర్ వేసి చూపిస్తాడు. టవర్ లేదు, సర్వర్ లేదు, అంచె మాత్రం ఉంది. వానెట్ చేయబోయేది కూడా ఆ పనే. కాకపోతే డ్రైవర్ అలసిపోయినా, చీకట్లో ఏమీ కనపడకపోయినా అది సైగ చేయడం మానదు.